యాసలో దాచిన లెక్క: ఒక ద్రాక్షతోట కథ

[తెరపై: 1880ల నాటి అమెరికా పత్రిక పేజీ]

ఈ పేజీలో పై పేరా గబగబా చదివేయొచ్చు. కింది పేరాకి వచ్చేసరికి నోరు తిరగదు. గట్టిగా పైకి చదివితే గానీ బోధపడదు. అది యాస.

1865లో అంతర్యుద్ధం ముగిశాక అమెరికా పత్రికలకు ఇలాంటి యాస కథల మోజు పట్టుకుంది. మెయిన్ తీరం, టెన్నెసీ కొండలు, లూసియానా పల్లెలు... ఎక్కడి కథ అక్కడి మాటల్లోనే. ‘లోకల్ కలర్’ అని దానికో పేరు కూడా పెట్టారు.

ఇందులో ఒక మతలబుంది. చాలా కథల్లో చెప్పే పెద్దమనిషిది శుభ్రమైన ఇంగ్లీషు, యాసంతా పాత్రల నెత్తిన. ‘వాజ్’ అనే మాటని డబ్ల్యూ, యు, జెడ్ అని రాసేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు పలికేదీ దాదాపు అలాగే! అయినా ఆ స్పెల్లింగ్ చూడగానే పాత్ర చదువురానివాడిలా కనిపిస్తాడు.

[తెరపై: చార్లెస్ చెస్నట్ ఫొటో]

ఈయన చార్లెస్ చెస్నట్, నల్లజాతి రచయిత, క్లీవ్‌లాండ్‌లో స్టెనోగ్రాఫర్. మనుషుల మాటని కాగితం మీద పెట్టడమే ఆయన బతుకుతెరువు. 1887 ఆగస్టు ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఆయన కథ ‘ది గూఫర్డ్ గ్రేప్‌వైన్’, అంటే చేతబడి చేసిన ద్రాక్షతీగ, వచ్చింది.

ఒహాయో నుంచి వచ్చిన తెల్ల దంపతులు నార్త్ కరోలినాలో పాత ద్రాక్షతోట కొనబోతారు. అక్కడ ద్రాక్షపళ్ళు తింటూ కూర్చున్న జూలియస్ అనే ముసలాయన, ‘ఈ తోటకి చేతబడి చేశారు, కొనకండి’ అంటాడు. ఆపైన ఆయన యాసలోనే కథంతా. బానిసత్వం ఉన్న రోజుల్లో హెన్రీ అనే బానిస తెలియక ఆ పళ్ళు తింటాడు. చేతబడికి విరుగుడుగా తీగ రసం నెత్తికి రాసుకున్నాక, తీగ చిగురిస్తే వాడికి వయసు తగ్గుతుంది, ఆకు రాలితే ముసలివాడైపోతాడు. యజమాని ఊరుకుంటాడా? వసంతంలో 1500 డాలర్లకి అమ్మి, వాడు నీరసించాక 500కి వెనక్కి కొంటాడు. ఏటా ఇదే బేరం!

దయ్యాల కథ అనుకుని నవ్వుకున్న పాఠకుడికి, మనిషిని సరుకులా అమ్మిన లెక్క డాలర్లతో సహా చేతికొచ్చింది. నా దృష్టిలో ఆ కాలపు యాస కథల్లో ఇంత తెలివైన ఎత్తు ఇంకోటి లేదు.

జూలియస్ కూడా తక్కువవాడేం కాదు. ఆ తోట పళ్ళ మీద ఆయన ఏళ్ళుగా డబ్బు చేసుకుంటున్నాడని చివర్లో బయటపడుతుంది. ఒహాయో ఆయన తోట కొననే కొన్నాడు, జూలియస్‌ని బండివాడిగా పెట్టుకున్నాడు. పళ్ళ మీద జూలియస్‌కి పోయినదానికంటే ఈ జీతమే ఎక్కువని తోట కొన్నాయన నమ్మకం. ఆ ముక్క జూలియస్‌ని మాత్రం ఎవరూ అడగలేదు.