కెనడా చిన్న నగరాల స్కైలైన్‌ని ఎక్కడ నిలబడి చూడాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, బయట ఇంత చలి ఉన్నా, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. చాలా సంతోషం.

స్కైలైన్, అంటే దూరం నుంచి చూస్తే ఆకాశం అంచున కనబడే ఊరి రూపం, అనగానే మనకు టొరంటో గుర్తొస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్లి చూపించేది సీఎన్ టవర్‌నే. కానీ ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కాపురం ఉంటున్నది కిచనర్, వాటర్లూ, గ్వెల్ఫ్, కేంబ్రిడ్జ్‌లలో. టొరంటోలో ఇంకో యాభై అంతస్తుల బిల్డింగ్ లేస్తే గుంపులో కలిసిపోతుంది. లక్ష, రెండు లక్షల జనాభా ఉన్న ఊళ్లో ఒక్క కట్టడం చాలు, ఊరి రూపం మారిపోవడానికి. న్యూ బ్రన్స్‌విక్‌లోని మాంక్టన్ జనాభా 2021 లెక్కల ప్రకారం 79,470. అక్కడ 1971లో టెలిఫోన్ సిగ్నళ్ల కోసం 127 మీటర్ల కాంక్రీటు టవర్ కట్టారు. యాభై ఏళ్లు దాటినా, దూరం నుంచి ఆ ఊరిని చూస్తే ముందు కనబడేది ఆ టవరే.

ఇలాంటి ఊళ్లను పోల్చేటప్పుడు జనం అంతస్తులు లెక్కపెడతారు. ఈ ఊళ్లో ఇరవై నాలుగు, ఆ ఊళ్లో ముప్ఫై తొమ్మిది అని. ఆ లెక్కతో నాకు పేచీ ఉంది. నేను అడిగేది వేరే. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వెళ్లి నిలబడి, తన ఊరిని మొత్తంగా చూసుకునే చోటు అక్కడ ఉందా? అక్కడ నిలబడితే ఏం కనబడాలో ఆ ఊరు ఎప్పుడైనా కూర్చుని నిర్ణయించుకుందా?

ఈ రెండో ప్రశ్నకు అందరికంటే గట్టి జవాబు చెప్పిన ఊరు నోవా స్కోషియాలోని హాలిఫాక్స్. ఊరు పుట్టింది 1749లో. నడిబొడ్డున సిటడెల్ కొండ, దాని మీద నక్షత్రం ఆకారంలో కోట. ఇప్పుడు మనం చూసే కోట 1856 నాటికి పూర్తయింది. హార్బర్‌లోకి వచ్చే ఓడలు కనబడాలి, అవసరమైతే ఫిరంగులు పేల్చాలి, అందుకే దాన్ని అక్కడ కట్టారు. యుద్ధాల అవసరం తీరిపోయింది. కొండ మీంచి సముద్రాన్ని చూడడం మాత్రం ఊరి జనానికి అలవాటైపోయింది. తర్వాత డౌన్‌టౌన్‌లో టవర్లు లేవడం మొదలయ్యాక, ఇలాగే పోతే కొండెక్కినా నీళ్లు కనబడవన్న భయం పట్టుకుంది.

1974లో వ్యూ ప్లేన్స్ అనే నిబంధన తెచ్చారు. కొండ మీద కొన్ని చోట్ల నుంచి హార్బర్ వైపు, అందులోని జార్జెస్ ఐలాండ్ వైపు చూపు సాగే దారుల్ని మ్యాపు మీద గీశారు. ఆ దారికి కింద ఎంతైనా కట్టుకోవచ్చు. దాన్ని పొడుచుకుని పైకి రావడానికి మాత్రం వీల్లేదు. ఇంకో నియమం కూడా పెట్టారు. కోట లోపలి మైదానంలో నిలబడితే, చుట్టూ ఉన్న గోడల మీద నుంచి కొత్త బిల్డింగ్ ఏదీ తొంగిచూడకూడదు.

దీని ఫలితం చూడాలంటే డార్ట్‌మత్ నుంచి ఫెర్రీ ఎక్కండి. 1752 నుంచి ఆ రేవులో ఫెర్రీ నడుస్తోంది. నీళ్ల మీద నుంచి చూస్తే ఎత్తయిన బిల్డింగులు ఒక వరసలో ఉండవు. ఒకచోట గుంపుగా ఉంటాయి, పక్కన ఖాళీ ఉంటుంది, మళ్లీ గుంపు. ఆ ఖాళీలు ఎవరూ కొనక మిగిలిపోయినవనుకుంటే పొరపాటు. కొండ మీద నిలబడ్డ మనిషి చూపు పోవడానికి వదిలిన దారులవి. నియమం రాకముందే, 1971లో, దక్షిణాన ఫెన్విక్ టవర్ ముప్ఫై పైచిలుకు అంతస్తులతో లేచింది. డల్‌హౌసీ యూనివర్సిటీ విద్యార్థులు చాలా ఏళ్లు అందులో ఉన్నారు. అది ఒంటరిగా నిలబడ్డ తీరు చూస్తే, నియమం రాకపోతే ఊరంతా ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.  

ఈ నిబంధనల వల్ల డౌన్‌టౌన్ ఎదుగుదల ఆగిందనే వాదన హాలిఫాక్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఇళ్లకు ఇంత కొరత ఉన్న ఈ రోజుల్లో దాన్ని కొట్టిపారేయలేం. అయినా నేను నియమం పక్షమే. ఇళ్లు కట్టడానికి వేరే చోటు వెతుక్కోవచ్చు. సిటడెల్ నుంచి సముద్రం వైపు ఒకసారి గోడ లేస్తే, దాన్ని తీయించగలిగే కౌన్సిల్ ఏదీ రాదు.

ప్రెయిరీల్లో, అంటే కెనడా నడుమ ఉన్న చదునైన గడ్డిమైదానాల్లో, కొండల్లేవు. అక్కడ ఆ పని నీళ్లు చేస్తాయి. సస్కటూన్‌లో సౌత్ సస్కచెవాన్ నది తూర్పు ఒడ్డున నిలబడితే అవతల బెస్‌బరో హోటల్ కోటలా కనిపిస్తుంది. రైల్వే వాళ్లు కట్టిన హోటల్ అది. 1932కల్లా కట్టడం పూర్తయినా, ఆర్థిక మాంద్యం వల్ల 1935 దాకా తలుపులు తెరవలేదు. ఇప్పుడు అంతకన్నా ఎత్తయినవి చాలా ఉన్నాయి. అయినా ఊరి ఫొటో తీయాలంటే అందరూ కెమెరా దాని వైపే తిప్పుతారు. కారణం నది ఒడ్డు. 1979లో మీవాసిన్ వ్యాలీ అథారిటీ ఏర్పడి, నది పొడవునా ఒడ్డుని జనం నడిచే చోటుగా కాపాడుతూ వచ్చింది. ఒడ్డు కూడా ప్లాట్లుగా అమ్ముడుపోయి ఉంటే ఆ హోటల్‌ని నదికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లవాళ్లే చూసేవాళ్లు.

రెజైనాకి చెప్పుకోదగ్గ నది కూడా లేదు. వాగుకి అడ్డుకట్ట కట్టి వాస్కానా చెరువుని తయారుచేసుకున్నారు. 1930ల మాంద్యంలో పనిలేనివాళ్లకు పని కల్పించడానికి చెరువుని తవ్వించి, ఆ మట్టితోనే అందులో దీవులు పోయించారు. 1912లో పూర్తయిన శాసనసభ భవనం దక్షిణపు ఒడ్డున ఉంది. ఆ లాన్‌లో నిలబడి ఉత్తరం వైపు చూస్తే నీళ్లు, చెట్లు, వాటి వెనక డౌన్‌టౌన్. చెట్లు కూడా మనుషులు నాటినవే. చూసే చోటుని కూడా చేత్తో కట్టుకున్న ఊరు కాబట్టి నాకు రెజైనా అంటే ప్రత్యేకమైన గౌరవం.

ఉత్తర ఒంటారియోలోని సడ్బరీ కథ వేరు. అక్కడ స్కైలైన్ అంటే ఒక పొగగొట్టం. 381 మీటర్లు. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైకప్పు ఎత్తూ అంతే. నికెల్ కరిగించే ఇన్‌కో కంపెనీ 1972లో దాన్ని వాడకంలోకి తెచ్చింది. గంధకపు పొగ ఊరి మీద పడకుండా పైకి పోవాలని ఉద్దేశం. ఊరి మీద కొంత తగ్గింది, దూరంగా గాలి తీసుకెళ్లిన చోట పడింది. నల్లబడ్డ బండల మీద 1978 నుంచి సున్నం చల్లి, గడ్డి వేసి, మొక్కలు నాటుతూ కోటికి పైగా చెట్లు పెంచారు. 2020లో ఆ గొట్టాన్ని వాడడం ఆపేశారు. తీసేయాలని నిర్ణయించారు. మైళ్ల దూరం నుంచి దాన్ని చూసి ఇల్లు దగ్గరపడిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లు అది పోతుందంటే బాధపడుతున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా అది పోవడమే మంచిది.

విండ్సర్ గురించి రెండు మాటలు. అక్కడ నది ఒడ్డున నిలబడి ఉత్తరంగా చూస్తే కనిపించేది అమెరికా. డెట్రాయిట్ టవర్లన్నీ ఎదురుగా ఉంటాయి. విండ్సర్ ఒకప్పటి రైలు పట్టాల స్థలాల్ని పార్కులు చేసి, ఒడ్డంతా జనానికి వదిలింది. పక్క దేశపు స్కైలైన్‌ని చూడడానికి ఇంత మంచి చోటు డెట్రాయిట్‌లో కూడా లేదు.

మనకు దగ్గరలో ఉన్నది హామిల్టన్. ఊరిని ఆనుకుని పొడవుగా సాగే కొండచరియ నయాగరా ఎస్కార్ప్‌మెంట్‌ని అక్కడివాళ్లు మౌంటెన్ అంటారు. దాని అంచున శామ్ లారెన్స్ పార్కులో రాత్రిపూట నిలబడితే డౌన్‌టౌన్, హార్బర్, స్టీల్ ఫ్యాక్టరీల దీపాలు ఒకేసారి కనిపిస్తాయి. 1974 నాటి ల్యాండ్‌మార్క్ ప్లేస్ అనే టవర్ 43 అంతస్తులతో ఆ మౌంటెన్ ఎత్తుని దాటేసింది. 2018లో నగరం డౌన్‌టౌన్‌కి ఒక హద్దు పెట్టింది: మౌంటెన్ ఎత్తుని మించకూడదు, అంటే సుమారు ముప్ఫై అంతస్తులు. హాలిఫాక్స్‌లో గీసిన గీత నిలబడింది. ఒంటారియోలో మాత్రం బిల్డర్లు స్థలాల వివాదాలు తేల్చే ల్యాండ్ ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. కౌన్సిల్ గీసిన గీతే ఆఖరిది కాదు.

ఇక మన కిచనర్, వాటర్లూ. 2019 జూన్‌లో ఊళ్లో తిరిగే అయాన్ రైలు వచ్చాక స్టేషన్ల చుట్టూ టవర్లు లేచాయి. యూనివర్సిటీ దగ్గర కింగ్ స్ట్రీట్ వెంట విద్యార్థుల బిల్డింగులు. మనవాళ్ల పిల్లలెందరో వాటిలోనే అద్దెకుంటున్నారు. రైలు దగ్గర ఇళ్లు కట్టడం సరైన పనే, నేను దానికి అనుకూలం. కానీ మనకు సిటడెల్ లేదు, ఊరి నడిమధ్య పారే పెద్ద నది లేదు. విక్టోరియా పార్కు ఉంది. 1973లో కూల్చేసిన పాత సిటీ హాల్ గడియార స్తంభాన్ని ఇరవై ఏళ్లకు పైగా దాచి ఉంచి, 1995లో ఆ పార్కులో మళ్లీ నిలబెట్టారు. ఊరిని చూసుకునే చోటు మనకు కావాలంటే అలాంటి పార్కుల్నే పట్టుకోవాలి.

అందుకే నీడ గురించి చెబుతాను. డిసెంబరు చివర్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 23 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. వంద మీటర్ల బిల్డింగ్ నీడ అప్పుడు 230 మీటర్లు దాటుతుంది. అదే బిల్డింగ్ సస్కటూన్‌లో ఉంటే దాదాపు 390 మీటర్లు. చలికాలంలో కాస్త ఎండ పడే బెంచీ మీదే పెద్దవాళ్లు కూర్చుంటారు. ఆ బెంచీ మీద నీడ పడితే అక్కడికి వెళ్లడమే మానేస్తారు.

పెద్ద బిల్డింగ్ కోసం జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధన, మార్చమని దరఖాస్తు వస్తే, ఆ స్థలం దగ్గర నోటీసు బోర్డు పెడతారు. పబ్లిక్ మీటింగ్ తేదీ ప్రకటిస్తారు. అక్కడ మాట్లాడడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు, పీఆర్ కూడా అక్కర్లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లూ మాట్లాడవచ్చు, ఉత్తరం రాసి పంపవచ్చు. 2024లో ఒంటారియో చట్టం మారాక, ఇలాంటి జోనింగ్ నిర్ణయాల మీద చుట్టుపక్కల నివాసులు ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి మూసుకుపోయింది. కాబట్టి చెప్పదలచుకున్నది ఆ మీటింగ్‌లోనే చెప్పాలి. నీడ ఎక్కడిదాకా పడుతుందో చూపించే షాడో స్టడీ ఉంటే చూపించమనండి. పార్కులో నిలబడితే ఈ బిల్డింగ్ ఎలా కనబడుతుందో బొమ్మ గీసి చూపించమనండి. మీ వీధిలో అలాంటి బోర్డు ఉంటే, ఇప్పుడు టీ తాగేటప్పుడు నాకు చెప్పండి. ఉత్తరం ఎలా రాయాలో కలిసి చూద్దాం.