గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: శస్త్రచికిత్స ఎవరికి, ఎంతవరకు

శ్రోతలకు నమస్కారం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలగానే ఇంటివారు వైద్యుణ్ణి ముందుగా అడిగేది, గర్భసంచి ఎప్పుడు తీసేస్తారనే. నిజానికి కణితి ఎంత లోతుకు దిగింది, ఎంత వెడల్పుంది, ముఖద్వారం దాటి పక్కలకు పాకిందా అన్నవి తేలిన తరువాతే శస్త్రచికిత్స మాట వస్తుంది.

లోతు 3 మిల్లీమీటర్ల లోపే ఉండి, రక్తనాళాల్లోకి గానీ లింఫ్ నాళాల్లోకి గానీ కణాలు చొరబడకపోతే, పిల్లలు కావాలనుకునే స్త్రీకి ముఖద్వారం నుంచి శంకువు ఆకారంలో ఒక ముక్క కోసి తీయడమే సరిపోవచ్చు. అయితే ఆ ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని సూక్ష్మదర్శిని కింద నిర్ధారణ కావాలి.

అంతకన్నా పెద్దదైనా, 4 సెంటీమీటర్లు దాటకుండా ముఖద్వారానికే పరిమితమైన కణితికి సాధారణంగా రాడికల్ హిస్టరెక్టమీ చేస్తారు. 1898లో వియన్నాలో ఎర్నెస్ట్ వెర్థైమ్ రూపుదిద్దిన ఈ ఆపరేషన్‌లో గర్భాశయంతోపాటు దాని ఇరుపక్కల కణజాలాన్ని, యోని పైభాగాన్ని కొంత, కటిలోని లింఫ్ గ్రంథులను కూడా తీస్తారు. మూత్రనాళాలు సరిగ్గా ఆ కణజాలం మధ్య నుంచే సాగుతాయి కాబట్టి, వాటికి గాయం కాకుండా విడదీసి పక్కకు జరపడంలోనే సర్జన్ నేర్పంతా ఉంటుంది. అక్కడి నాడులు దెబ్బతింటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక కొంతకాలం క్యాథెటర్ (మూత్రాన్ని బయటకు తీసే గొట్టం) అవసరమవుతుంది. గ్రంథులు తీసినందువల్ల కొందరికి కాళ్లు వాస్తాయి. వయసులో ఉన్నవారికి అండాశయాలను చాలావరకు ఉంచేస్తారు.

ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదన్న పాత నమ్మకం ఇప్పుడు సడలుతోంది. 2 సెంటీమీటర్లు మించని, లోతు తక్కువున్న కణితులకు పక్క కణజాలాన్ని వదిలి గర్భాశయాన్ని తీసే మామూలు హిస్టరెక్టమీ చేసినా కటిలో వ్యాధి తిరగబెట్టడం దాదాపు సమానంగానే ఉందని, మూడేళ్లకు మామూలు ఆపరేషన్‌లో 2.5 శాతం, రాడికల్‌లో 2.2 శాతం అని, 2024లో వెలువడిన అధ్యయనం చూపింది. అలాగని చిన్న కోత ఎల్లప్పుడూ మేలనుకోరాదు. చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్, రోబో పద్ధతుల్లో రాడికల్ ఆపరేషన్ జరిగినవారిలో నాలుగున్నరేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవారు 86 శాతమైతే, పొట్ట కోసి చేసినవారిలో 96.5 శాతమని 2018 నాటి పరిశోధనలో తేలడంతో వైద్యులు మళ్లీ పాత కోతకే మొగ్గారు.

కణితి ఇంకా పెద్దదైనా, పక్కలకు పాకినా, ఆపరేషన్ వద్దంటారు. ఆ మాటను ఆశ వదులుకోమన్నట్టుగా తీసుకోవడం పొరపాటు. రేడియేషన్‌కు కీమోథెరపీ తోడైతే ఆ దశలోనూ ఎందరికో నయమవుతుంది. ముందు కోసి తరువాత రేడియేషన్ ఇస్తే రెండింటి దుష్ఫలితాలూ ఒకే శరీరం మీద పడతాయి.

అధిక రక్తస్రావమని గర్భసంచి తీయించుకోబోయేవారు ముందుగా ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. లోపల దాగిన క్యాన్సర్ ఆపరేషన్ తరువాత బయటపడితే, చుట్టూ ఉన్న కణజాలం మిగిలిపోయి ఉంటుంది. పైగా లోపలి రేడియేషన్ కోసం గొట్టాన్ని అమర్చవలసిన గర్భాశయం అప్పటికే ఉండదు.