పారిస్ స్టేక్ బిస్ట్రోలో మా నాయన

అందరికీ నమస్తే అండి. సెలవులకు వచ్చాను, ప్రస్తుతం కర్నూల్లో మా ఇంట్లోనే ఉన్నాను. మా నాయన పోయిన ఎండాకాలం పారిస్‌లో నా దగ్గర ఉండి వచ్చాడు. ఇక్కడ ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేది "అక్కడ ఏం చూసినావు?" అనే. ఈఫిల్ టవర్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మా వీధి చివర బిస్ట్రోలో తిన్న భోజనం గురించి మాత్రం ఎదుటివాళ్ల కాఫీ చల్లారేదాకా చెప్తాడు. అమ్మానాన్నలు వస్తే బయట ఎక్కడ తినిపించాలా అని నా ఫ్రెండ్స్ చాలామంది టెన్షన్ పడుతుంటారు. వాళ్ల కోసమే ఈ వీడియో.

బిస్ట్రో అంటే పెద్ద రెస్టారెంట్ కాదు. దగ్గర దగ్గరగా వేసిన చిన్న బల్లలు, ఆ రోజు ఏమున్నాయో సుద్దముక్కతో రాసిన నల్ల పలక, ఆర్డర్ తీసుకుని తనే ప్లేట్లు మోసుకొచ్చే మనిషి. మేం వెళ్లింది స్టేక్‌కి, అంటే మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్కకి పేరున్న చోటు. స్టేక్, పక్కన ఉర్లగడ్డ ఫ్రైలు, దాన్నే స్టేక్ ఫ్రిత్ అంటారు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆఫీసులో పని ఎక్కువైన రోజు నేను తినేది అక్కడే. నేను ఆ ఊళ్లో ఎట్లా బతుకుతున్నానో నాయనకు చూపించాలంటే ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి అనిపించింది.

అయితే మా నాయన బీఫ్ తినడు. ఎమ్మిగనూరు పక్క పల్లెలో పుట్టి, ఎద్దులతో సేద్యం చేసిన మనిషి. ఏరువాక పున్నమికి ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టిన తర్వాతే తను అన్నం తినేవాడు. మటన్ అంటే మాత్రం ప్రాణం. అందుకే ముందురోజే వెళ్లి పలక చూసుకుని వచ్చాను. పారిస్‌లో 1959లో మొదలైన లె రెలే ద వెనీజ్ లాంటి చోట్ల ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. వాల్‌నట్లు వేసిన సలాడ్, ఆ తర్వాత ఆంత్రకోత్ అనే పక్కటెముకల దగ్గరి బీఫ్ ముక్క, ఫ్రైలు, అంతే. అలాంటి చోటికి నాయనను తీసుకెళ్లలేను. మా బిస్ట్రోలో గొర్రెపిల్ల చాప్స్ ఉన్నాయి, అక్కడ కోత్ దాన్యో అంటారు. బాతు కూడా చాలా బిస్ట్రోల్లో దొరుకుతుంది.

ఏడు గంటలకు వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలు అయిపోతే చాలా చోట్ల వంటగది మూసేస్తారు, మళ్లీ ఏడింటికే తెరుస్తారు. మా నాయనకు తొందరగా తినే అలవాటు కాబట్టి అదే మంచి టైం. జూన్ నెల, పొద్దుగూకేసరికి పది అవుతుంది. "ఇంత ఎండలో రాత్రి భోజనమా?" అన్నాడు కూర్చుంటూనే. బ్రెడ్డు బుట్ట, గాజు కూజాలో నీళ్లు వచ్చాయి. కుళాయి నీళ్లు, బ్రెడ్డు ఊరికే ఇస్తారని చెప్తే "నీళ్లకు దుడ్లు లేవా!" అని సంతోషపడ్డాడు. సర్వీసు కూడా బిల్లులోనే కలిసి ఉంటుంది, టిప్పు మన ఇష్టం.

మాంసం ఎక్కడిదో రాసిపెట్టాలని ఫ్రాన్స్‌లో రూలు ఉంది. బీఫ్‌కి ముందు నుంచీ ఉండేది, 2022 మార్చి నుంచి గొర్రె, కోడి మాంసానికి కూడా పెట్టారు. గోడ మీద ఉన్నది చదివి చెప్పాను. బీఫ్ దగ్గర లిమూజాన్ అని జాతి పేరు కూడా ఉంది. అక్కడ ఆగిపోయాడు నాయన.

"ఈ దేశంలో ఎద్దులతో దున్నినారామ్మా?"

దున్నారు నాయనా, ట్రాక్టర్లు వచ్చేదాకా దున్నారు, ఈ లిమూజాన్ జాతి కూడా ఒకప్పుడు కాడి మోసిందే అన్నాను. ఫోన్లో ఆ జాతి ఎద్దు ఫొటో వెతికి చూపించాను. ఎర్రటి, బరువైన ఎద్దు. కళ్లద్దాలు పైకి జరిపి, సంతలో చూసినట్టే ముందు కాళ్లు చూశాడు, తర్వాత వెడల్పు చూశాడు, ఆ తర్వాత భుజం దగ్గర వేలు పెట్టి "మూపురం లేదే! మరి కాడి ఎక్కడ ఆనుతుంది?" అని అడిగాడు. అప్పటిదాకా నాకు ఆ ప్రశ్నే రాలేదు. వెతికితే పాత ఫొటోలు దొరికాయి. అక్కడ చాలా ప్రాంతాల్లో కాడిని మెడ మీద పెట్టరు, తలకు ఆనించి తోలు పట్టీలతో కొమ్ములకు బిగించి కట్టేవాళ్లు. ఎద్దు నెత్తితో నెట్టుకుంటూ లాగుతుంది. నాయన ఆ ఫొటో పెద్దది చేసి, చిన్నది చేసి చాలాసేపు చూశాడు. "కొమ్ములకు కడితే తల తిప్పుకోలేదు కదమ్మా. ఈగలు వాలితే ఎట్ల?" అన్నాడు.

ఇక ఆ ఫొటో చూశాక నేను బీఫ్ ఎట్లా ఆర్డర్ చేస్తాను? నాకూ చాప్సే చెప్దామనుకున్నాను. నాయన నా మొహం చూసే కనుక్కున్నాడు. "నువ్వు రోజూ తినేది ఏందో అదే తెప్పించుకో. నా కోసం మానద్దు. నేను తినను, అంతే. తినేవాళ్లను తప్పు పట్టేదేం ల్యా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఇంటి నుంచి దూరంగా ఉండేవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

తర్వాత వెయిటర్ ఎంత కాల్చాలి అని అడిగాడు. బ్లో అంటే పైపైన వేడి తగిలించడం, సెన్యాన్ అంటే లోపల ఎర్రగా, ఆ ప్వాన్ అంటే మధ్యస్థంగా, బ్యాన్ క్వి అంటే బాగా కాలినది. నాయనకు బ్యాన్ క్వి చెప్పాను. అయినా చాప్స్ లోపల లేత గులాబీ రంగులోనే వచ్చాయి, వాళ్లకు గొర్రెపిల్ల మాంసం అట్లాగే ఇష్టం. ఆ ఎరుపు రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ అని చెప్పి చూశాను. "ఏదైనా కానీ, ఇంకొంచెం కాల్చమను" అన్నాడు. వెయిటర్ ఏమీ అనుకోకుండా తీసుకెళ్లి కాల్చి తెచ్చాడు. మీరూ మొహమాటపడకుండా అడగండి.

కాసేపు కత్తి, ఫోర్కుతో తిని, తర్వాత ఎముక చేత్తో పట్టుకుని కొరికాడు. పక్క బల్ల పెద్దాయన కూడా అట్లాగే తింటున్నాడు. కారం లేదన్న లోటు మాత్రం దిజోన్ మస్టర్డ్ తీర్చింది. ఆవాలు నూరి వెనిగర్, ఉప్పు కలిపిన ముద్ద అది. ఘాటు ముక్కుకెక్కి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. వెంటనే ఇంకొంచెం వేసుకున్నాడు.

ఇప్పుడు ఇక్కడ అదే భోజనం అమ్మకు చేసి పెట్టమన్నాడు. పొద్దున్నే తనే బజారుకు వెళ్లి, లేత పొట్టేలు చూసి చాప్స్ మందంగా కొట్టించుకొచ్చాడు. మన మటన్ అక్కడి గొర్రెపిల్ల అంత మెత్తగా ఉండదు కాబట్టి పచ్చి బొప్పాయి ముద్ద, ఉప్పు పట్టించి పెట్టాను. వండే ముందు ముక్కల తడి పూర్తిగా తుడిచేయాలి, తడి ఉంటే ముక్క ఉడుకుతుంది కానీ కాలదు. జొన్నరొట్టెలు కాల్చే ఇనుప పెనం బాగా కాగాక రెండు వైపులా కాల్చి, చివర్లో వెన్న, దంచిన వెల్లుల్లి వేసి ఆ వెన్ననే స్పూన్‌తో పైన పోస్తూ ఉన్నాను. దించాక ఐదు నిమిషాలు కదిలించకూడదు, వెంటనే కోస్తే రసమంతా ప్లేటులోకి పోతుంది. అదే పెనంలో కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, మీగడ వేస్తే సాస్ అయింది. అక్కడ ఇందులో కోన్యాక్ అనే బ్రాందీ పోస్తారు, నేను పోయలేదు. ఉర్లగడ్డలు మాత్రం రెండుసార్లు వేయించాలి. మొదటిసారి తక్కువ మంట మీద లోపల మెత్తబడేదాకా, తీసి ఆరాక రెండోసారి ఎక్కువ మంట మీద కరకరలాడేదాకా.

బొప్పాయి పట్టించినా ముక్క కొంచెం గట్టిగానే ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాయన మాత్రం "ఇది సరిగ్గా కాలింది, అక్కడ రెండోసారి పంపాల్సి వచ్చింది" అని అమ్మకు చెప్తూ తిన్నాడు. అమ్మకు మిరియాల సాస్ నచ్చలేదు. ఫ్రైల మీద కారంపొడి చల్లుకుని, ప్లేటు మొత్తం తన వైపు లాక్కుంది.