కంప్యూటర్ నిదానమైతే ఏ సర్వీసులను ఆపాలి, వేటి జోలికి పోకూడదు

తెరపై: హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక జిరాక్స్ సెంటర్. కౌంటర్ ముందు ఫైళ్లు పట్టుకున్న విద్యార్థులు. సీపీయూ డబ్బా మీద ఆరకుండా వెలుగుతున్న చిన్న దీపం.

నమస్కారం. డిగ్రీ ప్రవేశాల కోసం పెట్టే దోస్త్ దరఖాస్తుల కాలంలో మా ఊరి జిరాక్స్ సెంటర్ల ముందు పొద్దున్నే వరుస కడతారు. బయట పిల్లలు ఎదురుచూస్తుంటే, లోపల కంప్యూటర్ ఆన్ చేసి చాలాసేపైనా బ్రౌజర్ తెరుచుకోదు. మీరు చూస్తున్న ఈ దీపం హార్డ్ డిస్క్‌ది. మనం ఏ ఫైలూ తెరవకపోయినా అది ఆగకుండా వెలుగుతోందంటే, మనం చెప్పని పని ఏదో లోపల జరుగుతోందని అర్థం.

విండోస్‌లో అలాంటి పనులు చాలావరకు సర్వీసుల ద్వారా జరుగుతాయి. సర్వీసు అంటే తెర మీద కనిపించకుండా, చాలాసార్లు మనం లాగిన్ కాకముందే మొదలై నడిచే ప్రోగ్రాం. వీటిలో ఎక్కువ భాగం పిలుపు వచ్చేదాకా ఖాళీగా కూర్చునేవే కాబట్టి, వాటిని ఆపినంత మాత్రాన వేగం పెరగదు. ‘ఈ యాభై సర్వీసులు ఆపేయండి’ అని జాబితాలిచ్చే వీడియోల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

ముందుగా బరువు ఎక్కడుందో చూడాలి.

తెరపై: టాస్క్ మేనేజర్. డిస్క్ నిలువు వరుస పెద్దదిగా.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, ‘డిస్క్’ అన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే, డిస్క్‌ను ఎక్కువగా వాడుతున్నవి పైకి వస్తాయి. నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న ఈ యంత్రంలో డిస్క్ వాడకం 100 శాతం చూపిస్తోంది. అన్నిటికంటే పైన ఉన్న పేరు ‘సర్వీస్ హోస్ట్: సిస్‌మెయిన్’. విండోస్ విస్టాతో సూపర్‌ఫెచ్ అన్న పేరుతో వచ్చిన ఈ సర్వీసు, మనం తరచూ వాడే ప్రోగ్రాములను గమనించి, అడగకముందే వాటిని ర్యామ్‌లోకి తెచ్చి పెడుతుంది. ఆలోచన మంచిదే. అయితే హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి కదలాలి కాబట్టి, సిస్‌మెయిన్ తన పనిలో ఉండగా మనం బ్రౌజర్ తెరిస్తే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. కదిలే భాగాల్లేని కొత్త రకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీలో ఆ ముల్లే లేదు గనుక, అక్కడ దీన్ని సాధారణంగా కదిలించనవసరం లేదు.

తెరపై: సర్వీసుల జాబితా, సిస్‌మెయిన్ ప్రాపర్టీస్.

విండోస్ మీటతో పాటు ‘ఆర్’ నొక్కి, ‘సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే ఈ జాబితా తెరుచుకుంటుంది. సర్వీసు పేరు మీద రెండుసార్లు క్లిక్ చేయగానే తొందరపడి ఆపకండి; ‘డిపెండెన్సీస్’ ట్యాబ్‌లో దాని మీద ఆధారపడినవి ఏమున్నాయో చూడండి, ఇప్పుడున్న స్టార్టప్ టైప్‌ను, అంటే ఆ సర్వీసు ఎలా మొదలవ్వాలో చెప్పే అమరికను, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ‘స్టాప్’ మాత్రమే నొక్కి, ఒక పూట మామూలుగా పని చేసుకోండి. తేడా కనిపిస్తేనే స్టార్టప్ టైప్ మార్చండి. ‘మాన్యువల్’ పెడితే అవసరమైన ప్రోగ్రాం దాన్ని లేపుకోగలదు, ‘డిసేబుల్డ్’ పెడితే ఎవరూ లేపలేరు.

ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకప్పుడు అలాంటి జాబితా ఒకటి చూసి నెట్‌వర్క్‌లో యంత్రానికి ఐపీ చిరునామా తెచ్చిపెట్టే డీహెచ్‌సీపీ క్లయింట్‌ను డిసేబుల్ చేశాను. రీస్టార్ట్ చేశాక ఆ చిరునామా అందక నెట్ పోయింది. తప్పు నాదని తెలియక కేబుల్ అతనికి మూడుసార్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. దీనితో పాటు రిమోట్ ప్రొసీజర్ కాల్, ప్లగ్ అండ్ ప్లే, విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్‌ల జోలికి కూడా పోవద్దు.

ప్రింటు పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రింట్ స్పూలర్ సంగతి వేరు. 2021లో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, దాన్ని ఆపడం ఒక రక్షణ మార్గమని మైక్రోసాఫ్టే సూచించింది. ప్రింటర్ లేని ఇంటి ల్యాప్‌టాప్‌లో ఆపుకోవచ్చు, కానీ ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ కూడా దాని మీదే నడుస్తుంది. జిరాక్స్ సెంటర్‌లో ఆపితే ఇక షట్టర్ దించుకోవడమే.

నిజానికి తీసేయదగినవి ఎక్కువగా మనం తెచ్చిపెట్టుకున్నవే. విండోస్ మీట, ‘ఆర్’ కలిపి నొక్కి ‘ఎంఎస్ కాన్ఫిగ్’ తెరిచి, సర్వీసుల ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే గడిలో టిక్ పెడితే, బయటి కంపెనీలవి మాత్రమే మిగులుతాయి. ఈ యంత్రంలో ఎప్పుడో అమ్మేసిన రెండు ప్రింటర్ల సహాయక సర్వీసులు ఇంకా నడుస్తున్నాయి. వాటి సాఫ్ట్‌వేర్‌నే తొలగించాం, సిస్‌మెయిన్‌ను ఆపాం.

తెరపై: అదే దీపం, ఇప్పుడు ఆగి ఆగి వెలుగుతోంది.

‘అన్నా, అయితే ఇగ ఎస్‌ఎస్‌డీ అవసరం లేనట్టేనా?’ అని షాపు తమ్ముడు అడిగాడు. అవసరమేనని చెప్పాను. అది వేయించిన రోజున సిస్‌మెయిన్‌ను తిరిగి ‘ఆటోమేటిక్’కు మార్చాలని ఒక చీటీ మీద రాసి, మానిటర్ అంచుకు అతికించి వచ్చాను.