చెరువు గట్టు మీద పీఎస్5, ఎక్స్‌బాక్స్: రెండేళ్లు వాడాక నా మాట

నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నాను, వెనకాల గుర్రుమని వినిపిస్తున్నది ప్లేస్టేషన్ ఫ్యాన్ కాదు. మా రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు. పోయిన వీడియో చూసి ముగ్గురు ఫోన్ చేశారు, "అన్నా, నీ పీఎస్5 పోయేట్టుంది, చూపించుకో" అని. దానికేం కాలేదు.

భీమవరం పక్కన పల్లెటూరు మాది. ఈ టేబుల్ మీద టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టెలు, అంటే కన్సోళ్లు, రెండున్నాయి. తెల్లగా, పొడుగ్గా ఉన్నది సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5, డిస్కు పెట్టుకునే రకం. పక్కన చిన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్. రెండూ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ ఊరికే పంపలేదు.

ఏది పవర్‌ఫుల్ అని అడుగుతారు కాబట్టి ఆ లెక్క ముందే తేల్చేద్దాం. బొమ్మలు గీసే చిప్ వేగాన్ని టెరాఫ్లాప్స్‌లో కొలుస్తారు. పీఎస్5 10.28, సిరీస్ ఎస్ 4, దాని అన్న సిరీస్ ఎక్స్ 12. అంకె పెద్దదైతే గెలిచేట్టయితే సిరీస్ ఎక్స్ ఈపాటికి ఊరూరా ఉండాలి. పీఎస్5 చూస్తే 8 కోట్లు దాటి అమ్ముడైంది. మైక్రోసాఫ్ట్ ఎన్ని పెట్టెలు అమ్మిందో చెప్పడం 2015లోనే మానేసింది. పంట బాగా పండినవాడెవడూ కౌంట్ దాచుకోడు కదండీ.

అసలు ఈ వ్యాపారం మన వైపు వాళ్లకి అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ అర్థం కాదు. మేత షాపాయన ఏం చేస్తాడు? సీజన్ మొదట్లో మేత అరువిస్తాడు, మందులు అరువిస్తాడు, నవ్వుతూ ఇస్తాడు. రొయ్యల పట్టుబడి రోజు వచ్చేసరికి సరుకు ఆయన చెప్పిన చోటికే వెళ్లాలి, ఆయన చెప్పిన రేటుకే. కన్సోల్ కూడా అంతే. పెట్టెని ఖర్చుకో, ఖర్చుకన్నా తక్కువకో ఇంట్లో పెట్టేస్తారు. ఆ తర్వాత వాళ్ల స్టోర్‌లో అమ్ముడైన ప్రతి గేమ్‌లో దాదాపు 30 శాతం వాళ్లది. ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలనెలా చందా. 2021లో గేముల కంపెనీ ఎపిక్‌కీ, ఫోన్ల కంపెనీ యాపిల్‌కీ నడిచిన కేసులో మైక్రోసాఫ్ట్ తరఫున వచ్చిన అధికారిణి, ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద మేమెప్పుడూ లాభం చూడలేదని కోర్టులోనే చెప్పారు. అంటే పెట్టె మేత. మనం రొయ్యలం.

అలాంటప్పుడు కొట్లాట దేని గురించి? మనల్ని ఎవరు తమ చెరువులో వేసుకోవాలన్నదాని గురించి. ఇందులో నాకు బాగా నచ్చే కథ ఒకటుంది. 1995 మే, లాస్ ఏంజిలిస్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శన, మొట్టమొదటిది. జపాన్ గేముల కంపెనీ సెగా వాళ్లు స్టేజీ ఎక్కి, మా కొత్త కన్సోల్ సాటర్న్ సెప్టెంబరులో కాదు, ఇవాళే షాపుల్లో ఉంది, 399 డాలర్లు అని బాంబు పేల్చారు. సరే, బాగానే ఉంది. కానీ సరుకు ఇచ్చింది నాలుగు షాపుల సంస్థలకే. మిగతా వాళ్లకి ఒళ్లు మండిపోయింది. ఒక పెద్ద బొమ్మల షాపుల సంస్థ సాటర్న్‌ని అమ్మనే అమ్మం అంది. గేములు చేసేవాళ్లు సెప్టెంబరు అనుకుని తీరిగ్గా ఉన్నారు, పెట్టె వచ్చింది గానీ ఆడటానికి గేములు ఏవీ? ఆ తర్వాత మొదటి ప్లేస్టేషన్‌తో సోనీ వంతు. స్టీవ్ రేస్ అనే ఆయన మైక్ దగ్గరికొచ్చి "299" అన్నాడు. అంతే, వెళ్లి కూర్చున్నాడు. అంత చిన్న ఉపన్యాసానికి అంత పెద్ద చప్పట్లు ఇంకెవరికీ పడి ఉండవు. ఆరేళ్లు తిరగకుండా, 2001లో, సెగా కన్సోళ్ల తయారీయే మానుకుంది.

అదే సోనీ 2006లో పీఎస్3ని 499, 599 డాలర్లకి పెట్టి తనూ దెబ్బతింది లెండి. గెలిచినవాడికి పొగరెక్కడం మామూలే.

మన దగ్గర గెలిచింది మాత్రం వీళ్లెవరూ కాదు. నర్సాపురంలో మా మావయ్య కొనిచ్చిన టీవీ గేమ్. పేరూ ఊరూ లేని పెట్టె, పసుపు క్యాసెట్. దాని మీద లక్షల గేములని రాసి ఉండేది, తీరా చూస్తే పదో పన్నెండో. క్యాసెట్ పట్టకపోతే ఉఫ్ అని ఊదడం. మారియో నింటెండో వాళ్లదని, మేం ఆడింది 1983లో జపాన్‌లో వచ్చిన వాళ్ల కన్సోల్ ఫామికామ్‌కి నకలు అని నాకు ఇంటర్ చదివేటప్పుడు తెలిసింది. నింటెండోకి మా ఇంటి నుంచి ఒక్క పైసా వెళ్లలేదు. మేత లేకుండా పెరిగిన రొయ్యలం మేం.

ఇక కొనడం సంగతి. సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990కి వచ్చింది. దీనికి డిస్కు పెట్టే చోటే లేదు, అంతా డౌన్‌లోడే. పెద్ద గేమ్ ఏదైనా 100 జీబీ దాటుతోంది. లోపల గేములకి మిగిలే చోటు 364 జీబీ. మూడు పెడితే నాలుగోదానికి ఒకటి తీసేయాలి. మా ఊళ్లో ఫైబర్ ఉంది, కాదనను. కానీ చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన ప్రతిసారీ కేబుల్ తెగుతుంది. పోయిన వేసవిలో నాలుగు రోజులు నెట్ లేదు. ఆ నాలుగు రోజులూ 62 శాతం దగ్గర ఆగిపోయిన డౌన్‌లోడ్‌ని చూస్తూ కూర్చున్నాను.

డిస్కుదైతే వేరు. పీఎస్5 కొత్త గేమ్ దాదాపు 5 వేలు. మేం నలుగురం, నేనూ, భీమవరంలో ఇద్దరూ, పాలకొల్లులో ఒకడూ. తలా ఒకటి కొంటాం, నాలుగూ తిరుగుతాయి. చివర్లో అమ్మేస్తాం. 2013లో మైక్రోసాఫ్ట్ సరిగ్గా ఇక్కడే కాలు జారింది. ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కులకి ఆంక్షలు, రోజుకోసారి నెట్‌కి కలపాలి అంది. సోనీ ఒక చిన్న వీడియో పెట్టింది. ఒకాయన డిస్కు ఇస్తాడు, ఇంకొకాయన థాంక్స్ చెప్పి తీసుకుంటాడు. గేమ్ ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో అదే పాఠం. మైక్రోసాఫ్ట్ అదే నెలలో ఆ నిబంధనలు వెనక్కి తీసుకుంది, అయినా అప్పటికే జనం అటు వెళ్లిపోయారు.

ఎక్స్‌బాక్స్‌కి గేమ్ పాస్ ఉంది కదా, నెల చందా కడితే బోలెడు గేములు ఆడుకోవచ్చు అంటారు. నిజమే, నేనూ దానికోసమే సిరీస్ ఎస్ కొన్నాను. కానీ 2025 అక్టోబరులో అందులో పై రకం, అల్టిమేట్, ధర అమెరికాలో నెలకి 20 డాలర్ల నుంచి 30కి ఎక్కింది. అరువు షాపాయన నవ్వడం మానేశాడన్నమాట. పైగా మైక్రోసాఫ్ట్ వాళ్ల కారు రేసుల గేమ్ ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5కి వచ్చేసింది, హేలో కూడా వస్తుందని 2025లో వాళ్లే ప్రకటించారు. ఎక్స్‌బాక్స్ గేములు పక్కింట్లోనే దొరుకుతుంటే నేను ఈ గుమ్మం ఎందుకు ఎక్కాలి?

కాబట్టి డిస్కు ఉన్న పీఎస్5 తీసుకోండి. స్లిమ్ మోడల్ 2024 ఏప్రిల్‌లో 54,990కి వచ్చింది. ధర తక్కువని డిస్కు లేని డిజిటల్‌ది తీసుకోకండి, ఆ మిగిలిన డబ్బు ఒకటి రెండు గేముల్లో పోతుంది.

రెండు జాగ్రత్తలు. కరెంటు పోతే మా ఇంట్లో జనరేటర్ ముందు చెరువుకి, తర్వాతే నాకు. అందుకని చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. రెండోది చీమలు. వర్షాలు మొదలయ్యాయంటే వెచ్చగా ఉందని గుడ్లతో సహా లోపలికి దిగిపోతాయి. కన్సోల్‌ని గోడకి ఆనించకుండా, నాలుగు వైపులా చీమల సుద్ద గీసిన స్టూలు మీద పెట్టండి. నా సిరీస్ ఎస్‌ని విప్పినప్పుడు లోపల ఏముందో తీసిన ఫొటో ఇదిగో, చూపిస్తున్నాను. అన్నం తింటున్నవాళ్లు కాసేపు అటు తిరగండి.