మూడు టెస్టుల పర్యటన పోతే ఏం పోతుంది? - స్టూడియో చర్చ

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ రోజు చర్చ రగ్బీ యూనియన్ జూలై టెస్టుల మీద, అంటే దేశాల జట్ల మధ్య జరిగే మ్యాచ్‌ల మీద. యూరప్ జట్లు తమ సీజన్ ముగిసీ ముగియగానే న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అర్జెంటీనాలకు వెళ్లడం, అక్కడ ఒకే జట్టుతో వరుసగా రెండు మూడు టెస్టులు ఆడటం, ఇన్నాళ్లూ చూసింది ఇదే. 2026 జూలైతో నేషన్స్ ఛాంపియన్‌షిప్ మొదలు కాబట్టి ఈ పద్ధతి మారుతోంది. మనతో ఒక మాజీ ప్రాప్ ఉన్నారు, అంటే స్క్రమ్‌లో, రెండు జట్ల ఆటగాళ్లు వంగి తలలు కలిపి బంతి కోసం నెట్టుకునే చోట, ముందు వరసలో నిలబడి నెట్టే ఆటగాడు. ఒక రిఫరీ ఉన్నారు. ఆట లెక్కలూ డబ్బు లెక్కలూ రెండూ చూసే విశ్లేషకురాలు ఉన్నారు. సర్, మీతోనే మొదలుపెడతాను. ఈ మార్పు మీద మీకు కోపంగా ఉందని విన్నాను.

మాజీ ప్రాప్: కోపం కాదండి, బాధ. ఎందుకో ఒక్క పర్యటనతో చెబుతాను. 2022లో ఐర్లాండ్ న్యూజిలాండ్ వెళ్లింది. మొదటి టెస్టు ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్‌లో, 42-19తో చిత్తుగా ఓడింది. అక్కడ న్యూజిలాండ్ 1994లో ఫ్రాన్స్ చేతిలో ఓడిన తర్వాత మళ్లీ ఓడలేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఒక్క మ్యాచే ఆడి విమానం ఎక్కేసి ఉంటే కథ అంతటితో సరి. కానీ వారం తిరిగేసరికి డునెడిన్‌లో 23-12తో గెలిచారు, ఇంకో వారానికి వెల్లింగ్టన్‌లో 32-22. న్యూజిలాండ్‌ని దాని గడ్డ మీద ఐర్లాండ్ అంతకు ముందు ఒక్కసారి కూడా ఓడించలేదు, అలాంటిది ఏకంగా సిరీస్ పట్టుకొచ్చారు. ఓడిన జట్టు వారంలో ఏం నేర్చుకుంది, అవతలివాళ్లు ఏం మార్చుకున్నారు, ఆ వారం రోజుల మధ్యలోనే కదా అసలు ఆట ఉండేది!

యాంకర్: డునెడిన్‌లో కార్డులు కూడా కలిసొచ్చాయి కదా?

రిఫరీ: కలిసొచ్చాయి, కాదనను. న్యూజిలాండ్ ప్రాప్ ఆంగస్ టావావోకి మొదటి సగంలోనే రెడ్ కార్డ్ పడింది. అంతకు ముందే ఇద్దరికి ఎల్లో కార్డులు, అంటే పది నిమిషాలు బయటే. ముందు వరస ఆటగాళ్లు లేకపోతే స్క్రమ్‌లో నెట్టుకోవడం ఆపేయాల్సి వస్తుంది, అప్పుడు ఎవరు బయటికి వెళ్లాలి, ఎవరు తిరిగి రావచ్చు అనేది చాలా మెలిక ఉన్న నిబంధన. ఆ గందరగోళంలో న్యూజిలాండ్ ఆటగాడు ఆర్డీ సవేయా బయటికి వెళ్లాడు, మళ్లీ లోపలికి రాలేకపోయాడు. నిజానికి రావచ్చు. అధికారుల పొరపాటు అది. ఒక రిఫరీగా చెబుతున్నాను, ఇప్పటికీ ఆ మ్యాచ్ చూస్తే నాకు టెన్షన్ వస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో ఈల నా చేతిలో ఉన్నా అదే తప్పు నేనూ చేసి ఉండొచ్చు.

మాజీ ప్రాప్: కానీ వెల్లింగ్టన్‌లో సాకులేం లేవు సర్. సగం ఆటకి 22-3. ఆ తర్వాత న్యూజిలాండ్ తరుముకుంటూ మూడు పాయింట్ల తేడాకి వచ్చేసింది, అయినా ఐర్లాండ్ చెదరలేదు. చివర్లో మాల్‌తో, అంటే బంతి పట్టినవాడి చుట్టూ గుంపుగా చేరి నెట్టుకుంటూ వెళ్లి రాబ్ హెరింగ్ ట్రై పెట్టాడు, అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించాడు.

విశ్లేషకురాలు: నేను ఇక్కడ ఒక్కటి అడ్డం చెప్పాలి. మీరు చెప్పింది గొప్ప పర్యటన, ఒప్పుకుంటాను. కానీ అన్ని పర్యటనలూ అలా ఉండవు. 2025లో ఫ్రాన్స్ న్యూజిలాండ్ వెళ్లింది కదా, ఎవరితో వెళ్లింది? ఫ్రాన్స్ క్లబ్ లీగ్ టాప్ 14 ఫైనల్ జూన్ 28న, మొదటి టెస్టు సరిగ్గా వారానికి జూలై 5న. ఫైనల్ ఆడినవాళ్లు రాలేదు, ఏడాదంతా ఆడి అలసిన పెద్ద పేర్లని ఇంట్లోనే ఉంచేశారు. 31-27, 43-17, 29-19, మూడూ ఓడారు. డునెడిన్‌లో ఆ కుర్రాళ్లు నాలుగు పాయింట్ల తేడా దాకా తీసుకొచ్చారంటే వాళ్లకి దండం పెట్టాలి. కానీ టికెట్ కొన్న మనిషి ఫ్రాన్స్‌ని చూద్దామని వచ్చాడు, అతనికి దొరికింది సగం ఫ్రాన్స్. ప్రతి మ్యాచ్‌కీ పాయింట్లూ పట్టికా ఉంటే ఇలా పంపడానికి ఏ జట్టైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

మాజీ ప్రాప్: పట్టిక పెట్టినంత మాత్రాన అలసట పోతుందా మేడం? ఫైనల్ జూన్ చివర్లోనే ఉంటే ఆ ఒళ్లు నొప్పులు జూలైలోనూ ఉంటాయి.

విశ్లేషకురాలు: పోదు. కానీ దేశాల రగ్బీ సంఘాలూ క్లబ్బులూ కూర్చుని మాట్లాడుకోక తప్పని పరిస్థితి వస్తుంది, ఇప్పుడు అది కూడా లేదు.

యాంకర్: కొత్త పద్ధతి ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పండి మేడం.

విశ్లేషకురాలు: పన్నెండు జట్లు. ఉత్తరం నుంచి సిక్స్ నేషన్స్ అనే యూరప్ టోర్నీ ఆడే ఆరు, దక్షిణం వైపు న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, వాటితో జపాన్, ఫిజీ. ఒక వైపు జట్టు అవతలి వైపు ఆరింటితోనూ ఒక్కోసారి ఆడుతుంది, జూలైలో మూడు, నవంబర్‌లో మూడు. ఆ తర్వాత లండన్‌లో ఫైనల్స్, ఇక్కడి మొదటి జట్టు అక్కడి మొదటి జట్టుతో, రెండోది రెండోదానితో, అలా. రెండేళ్లకి ఒకసారి జరుగుతుంది. డబ్బు సంగతి కూడా ఉంది. పర్యటన టెస్టులో టికెట్ల ఆదాయం ఆతిథ్యం ఇచ్చే సంఘానిదే, అందుకే పెద్ద జట్టు వచ్చిన ఏడాది పండగ, రాని ఏడాది పస్తు. అన్ని మ్యాచ్‌లూ కలిపి ఒకే టోర్నీగా టీవీకి అమ్మితే ఆ ఎగుడుదిగుడు కొంత తగ్గుతుంది.

మాజీ ప్రాప్: సరే, ప్రయాణం సంగతి చూడండి. 2026 జూలైలో ఇంగ్లండ్ మొదట జొహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికాతో, తర్వాతి వారం ఫిజీతో, అది కూడా ఫిజీ సొంత మ్యాచ్ అనే పేరుతో లివర్‌పూల్‌లో, ఆ పై వారం అర్జెంటీనాలో. దీన్ని పర్యటన అని ఎలా అంటాం? ఒకచోట దిగి, ఆ గాలికి ఊపిరి అలవాటు చేసుకుని, ఆ నేల మీద బంతి ఎలా లేస్తుందో చూసుకుని ఆడటం పర్యటన. జొహన్నెస్‌బర్గ్ 1,700 మీటర్లకు పైన ఉంది, 2018లో అక్కడ ఎల్లిస్ పార్క్‌లో ఇంగ్లండ్‌కి ఏమైందో గుర్తుందా? ఇరవై నిమిషాలు తిరిగేలోపు 24-3 ఆధిక్యం. చివరికి 42-39తో ఓడారు. ఎత్తైన చోట రెండో సగంలో కాళ్లు సీసంలా అయిపోతాయి, ఊపిరి అందదు, నేను ఆడినప్పుడు అనుభవించాను కాబట్టి చెబుతున్నాను, మెదడు పరిగెత్తమంటుంది, ఒళ్లు వినదు. తర్వాత బ్లూమ్‌ఫాంటేన్‌లోనూ ఓడి, మూడో టెస్టుకి సముద్రం పక్కన ఉన్న కేప్‌టౌన్‌కి దిగాక 25-10తో గెలిచారు. మొదటి మ్యాచ్‌తోనే ఆపేస్తే వాళ్లు చేతకానివాళ్లు అనుకునేవాళ్లం.

విశ్లేషకురాలు: ఫిజీ సంగతి మీరే ఎత్తారు కాబట్టి నేను చెబుతాను. లివర్‌పూల్‌లో ఆడటం నాకూ నచ్చలేదు, ఫిజీ ఆట ఫిజీలో జరగాలి. కానీ ఈ టోర్నీ లేకుండా ఒకే వేసవిలో వేల్స్, ఇంగ్లండ్, స్కాట్లాండ్ మూడూ ఫిజీతో ఎప్పుడు ఆడాయి? మూడు టెస్టుల పర్యటన అందం ఎప్పుడూ పెద్ద జట్ల మధ్యే జరిగింది సర్. చిన్నవాళ్లకి మిగిలింది దారిలో ఆగి ఒక మ్యాచ్ ఆడి వెళ్లిపోయే అతిథులే.

మాజీ ప్రాప్: ఆ మాట నిజం. అది నేను కాదనలేను.

రిఫరీ: మరి జార్జియా? 2022 జూలైలో బటూమీలో ఇటలీని 28-19తో, అదే ఏడాది నవంబర్‌లో కార్డిఫ్‌లో వేల్స్‌ని 13-12తో ఓడించింది. 2024లో జపాన్ వెళ్లి అక్కడా గెలిచింది. ఈ పన్నెండులో దానికి చోటు లేదు, 2030 దాకా కింది నుంచి పైకి వచ్చే దారి కూడా లేదు. స్క్రమ్ అంటే ప్రాణం పెట్టే దేశం అది. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది.

విశ్లేషకురాలు: నాకూ అలాగే కనిపిస్తుంది. టోర్నీ కావాలంటున్నాను గానీ తలుపులు మూసిన టోర్నీ కావాలని అనడం లేదు.

యాంకర్: లయన్స్ విషయానికి వద్దాం, అంటే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ ఆటగాళ్లు కలిసి ఆడే జట్టు. 2025 ఆస్ట్రేలియా పర్యటన చూసినవాళ్లందరికీ మెల్‌బోర్న్ గుర్తుంటుంది.

రిఫరీ: ఎందుకు గుర్తుండదు! ఎంసీజీలో 90,307 మంది. లయన్స్ మొదటి సగంలో 23-5 వెనకపడి, ఆఖరి నిమిషంలో హ్యూగో కీనన్ ట్రైతో 29-26తో గెలిచారు. ఆ ట్రైకి సరిగ్గా ముందు రక్‌లో, అంటే నేల మీదున్న బంతి కోసం ఇరు జట్లూ నెట్టుకునే చోట, లయన్స్ ఆటగాడు జాక్ మోర్గన్, ఆస్ట్రేలియా ఆటగాడు కార్లో టిజానోని తొలగించిన తీరు మీద పెద్ద గొడవ. టిజానో బంతి మీద కిందికి వంగి ఉన్నాడు, మోర్గన్ కూడా కిందికి వచ్చి తగిలాడు, టిజానో తల పట్టుకుని పడిపోయాడు. రిఫరీ ఆండ్రియా పియార్డీ వీడియో చూశాడు, తన సహాయకులతో మాట్లాడాడు, తప్పేం లేదని ట్రై ఇచ్చాడు. ఆస్ట్రేలియా కోచ్ జో ష్మిట్ ఒప్పుకోలేదు.

యాంకర్: మీరైతే?

రిఫరీ: నేనూ ట్రై ఇచ్చేవాణ్ని. ఇద్దరూ నేలకి దగ్గరగా ఉన్నారు, మోర్గన్‌కి ఇంకా కిందికి వెళ్లే చోటు లేదు, చేతులతో పట్టుకునే ప్రయత్నం చేశాడు. అయినా ఇది నూటికి నూరు పాళ్లూ సరైనదని బల్ల గుద్ది చెప్పలేను. తల చుట్టూ తగిలే దెబ్బల మీద మనం ఏళ్ల తరబడి కఠినంగా ఉంటూ వచ్చి, అంత పెద్ద క్షణంలో వదిలేశామని ఒక ఆటగాడి తల్లి అడిగితే నా జవాబు అంత గట్టిగా ఉండదు.

మాజీ ప్రాప్: నేనైతే పెనాల్టీ అంటాను. వంగి ఉన్నవాడి మెడ వెనక బరువు పడితే ఎలా ఉంటుందో ముందు వరసలో ఆడినవాడికే తెలుస్తుంది. గెలిచినవాళ్ల గొప్పతనం తగ్గించడం లేదు. కానీ ఆ దెబ్బ నాకు నచ్చలేదు.

విశ్లేషకురాలు: అయితే ఒకటి గమనించారా, బ్రిస్బేన్, మెల్‌బోర్న్ రెండూ ఓడి సిరీస్ చేజారిన ఆస్ట్రేలియా, సిడ్నీలో పిడుగుల వల్ల ఆట కాసేపు ఆగిన ఆ వాన రాత్రి 22-12తో గెలిచింది. లెక్కకి ఆ మ్యాచ్‌తో పనిలేదు. ఆ ఆటగాళ్ల ముఖాలు చూస్తే మాత్రం... సరే, మూడో టెస్టుకి విలువ ఉందని ఇక్కడ మీతో కలుస్తాను.

మాజీ ప్రాప్: అందుకే కదండీ నేను మొత్తుకునేది. ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు, మధ్య వారం మ్యాచ్‌లు. 2022లో ఐర్లాండ్ మూడు టెస్టులతో పాటు మావోరీ ఆల్ బ్లాక్స్‌తో, అంటే న్యూజిలాండ్‌లోని మావోరీ ఆటగాళ్ల జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడింది. హామిల్టన్‌లో మొదటిది 32-17తో ఓడారు. రెండోది వెల్లింగ్టన్‌లో, ఆఖరి టెస్టుకి నాలుగు రోజుల ముందు, 30-24తో గెలిచారు. టెస్టు జట్టులో చోటు దొరకనివాళ్లూ కొత్త కుర్రాళ్లూ ఆడిన మ్యాచ్‌లు అవి. అందులో కియరన్ ఫ్రాలీ అనే కుర్రాడు ఉన్నాడు, అప్పటికి ఒక్క టెస్టూ ఆడలేదు. రెండేళ్ల తర్వాత 2024 జూలై, డర్బన్. ప్రపంచ ఛాంపియన్ దక్షిణాఫ్రికా మొదటి టెస్టు గెలిచింది, రెండో దాంట్లో ఒక్క క్షణం మిగిలి ఉండగా రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. బదులు ఆటగాడిగా వచ్చిన ఫ్రాలీ అంతకు ముందే ఒక డ్రాప్ గోల్ కొట్టాడు, అంటే ఆట నడుస్తుండగానే బంతిని నేలకి తాకించి గోల్ స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లు తేవడం. చివరి నిమిషంలో ఇంకోటి కొట్టాడు. 25-24, సిరీస్ సమం. ఆ కాలు డర్బన్‌లో అంత చల్లగా ఊగిందంటే అలాంటి బుధవారపు, మంగళవారపు రాత్రులు దాని వెనక ఉన్నాయి. మూడు వారాల్లో మూడు దేశాలు తిరిగే జట్టుకి అలాంటి రాత్రి ఎక్కడ దొరుకుతుంది?

విశ్లేషకురాలు: దీనికి నా దగ్గర సమాధానం లేదు. మ్యాచ్‌ల సంఖ్య పెంచితే ఆటగాళ్ల ఒళ్లు పోతుంది, తగ్గిస్తే కొత్తవాళ్లకి అనుభవం రాదు. రెండో జట్టుకి వేరే పర్యటన పెట్టాలి, దానికి డబ్బు పెట్టాలి. లయన్స్ పర్యటన ఉన్న ఏడాది, ప్రపంచ కప్ ఏడాది ఈ టోర్నీ ఉండదు కాబట్టి ఆ ఖాళీలో సంఘాలు ఏం చేస్తాయో చూడాలి. న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా మాత్రం తమ పాత పద్ధతి పెద్ద పర్యటనని 2026లోనే మళ్లీ మొదలుపెడుతున్నాయి, టెస్టులతో పాటు దక్షిణాఫ్రికా క్లబ్ జట్లతో మ్యాచ్‌లు కూడా పెట్టుకున్నాయి. అంటే పర్యటన విలువ వాళ్లకి తెలుసు. మిగతావాళ్లకి కూడా తెలియాలి.

యాంకర్: టైమ్ అయిపోతోంది. కొత్తగా రగ్బీ చూసేవాళ్లకి జూలై టెస్టుల్లోంచి ఒక్కటి చూడమని చెప్పాలంటే? రిఫరీ గారూ, మీరు.

రిఫరీ: 2022, బ్లూమ్‌ఫాంటేన్. వేల్స్ అంతకు ముందు దక్షిణాఫ్రికాని దాని గడ్డ మీద ఒక్క టెస్టులోనూ ఓడించలేదు. 12-6తో వెనకబడి, చివర్లో జాష్ ఆడమ్స్ మూలన ట్రై పెట్టాడు, గారెత్ ఆన్‌స్కోమ్ టచ్‌లైన్ దగ్గర నుంచి కన్వర్షన్, అంటే ట్రై తర్వాత రెండు పాయింట్ల కోసం తన్నే తన్ను, కొట్టాలి. కొట్టాడు, 13-12.

విశ్లేషకురాలు: నేను కూడా వేల్స్ పేరే చెబుతాను, కానీ 2025 కోబె. వరుసగా పద్దెనిమిది టెస్టులు ఓడిన జట్టు అది. ఉక్కపోతకి ఆటగాళ్లు తడిసి ముద్దయ్యే ఆ వేసవిలో, కిటాక్యూషూలో మొదటి టెస్టు కూడా ఓడి, వారానికి జపాన్‌ని 31-22తో ఓడించారు. అవును సర్, రెండో టెస్టు ఉంది కాబట్టే. మీరు చెప్పకముందే నేనే చెప్పేస్తున్నాను.

యాంకర్: మీరు సర్?

మాజీ ప్రాప్: నేను టెస్టు చెప్పను. 2022 జూలై 12, వెల్లింగ్టన్, మావోరీ ఆల్ బ్లాక్స్‌తో ఐర్లాండ్ ఆడిన ఆ మధ్య వారం మ్యాచ్. ఎవరికీ పెద్దగా గుర్తులేదు. చూసేటప్పుడు ఒక కాగితం పక్కన పెట్టుకుని ఆడినవాళ్ల పేర్లు రాసుకోండి, తర్వాత రెండేళ్లలో ఐర్లాండ్ జట్టు జాబితాలు తీసి పక్కన పెట్టి చూడండి.