రిపోర్టులో అంకె మారితే ఒళ్లు మారినట్టేనా?

అందరికీ నమస్కారం. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నడక ముగించుకుని, టిఫిన్ కూడా చెయ్యకుండా నేరుగా ఇక్కడికి వచ్చేసినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అది ఫాస్టింగా, ఇక్కడ ఇడ్లీ పెడతారన్న ఆశా అని అడగనులెండి.

నేను డైటీషియన్ని కాను, ఫిట్‌నెస్ కోచ్‌నీ కాను. ల్యాబ్ డాక్టర్ని. మనుషుల కన్నా వాళ్ల రక్తంతోనే నాకు పరిచయం ఎక్కువ. అందుకే బయోహ్యాకింగ్ మీద, అంటే తిండి, మాత్రలు, అలవాట్లు మార్చుకుంటూ సొంత ఒంటి మీద ప్రయోగాలు చేసుకోవడం మీద మాట్లాడమంటే, ఏం తినాలో ఏం మింగాలో చెప్పడం నా పని కాదు, మింగాక చేయించుకునే పరీక్షల సంగతి చెబుతానన్నాను. ఈ మధ్య గచ్చిబౌలి, మాదాపూర్ వైపు నుంచి ఒంట్లో ఏ నలతా లేకుండానే మూడు నెలలకోసారి పెద్ద ప్యాకేజీ చేయించుకుని, అంకెలన్నీ ఎక్సెల్ షీట్‌లో ఎక్కించుకునేవాళ్లు బాగా వస్తున్నారు. తన ఒంటి మీద తనకు శ్రద్ధ ఉండటం మంచిదే. చిక్కల్లా ఒకటే. అంకె కదలగానే అది తాము కొత్తగా మొదలుపెట్టిన దాని ఫలితమే అని తేల్చేసుకుంటున్నారు.

మీరు ఏ మాత్రా వేసుకోకుండా, ఏ అలవాటూ మార్చకుండా ఈ వారం ఒకసారి, పై వారం ఒకసారి రక్తం ఇచ్చి చూడండి. కొలెస్ట్రాల్ ఐదారు శాతం అటూ ఇటూ అవుతుంది. ట్రైగ్లిజరైడ్లయితే 20 శాతం ఊగడం మామూలే. 180 ఉన్నది 145కి దిగిందనుకోండి. పార్కు గేటు దగ్గర తాగిన బూడిద గుమ్మడి రసం వల్ల కావచ్చు, ముందు రాత్రి పెందలాడే తినడం వల్ల కావచ్చు, ఊరికే కూడా కావచ్చు. ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ సంగతి చెప్పనే అక్కర్లేదు, కాస్త జలుబు చేసినా ఎగబాకుతుంది.

పైగా మనం ప్రయోగం మొదలుపెట్టేది ఎప్పుడు? రిపోర్టు బాగా లేదని కంగారు పడ్డప్పుడు. మామూలు కన్నా ఎక్కువ వచ్చిన అంకె, మళ్లీ కొలిస్తే తన మామూలు స్థాయి వైపు దిగడమే రివాజు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పక్కపక్కన పెట్టి ఈ లెక్క తేల్చాడు. ఆ దిగే సమయానికి మన చేతిలో ఏ డబ్బా ఉంటే దానికి పేరొస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది.

ఇది అంకె తనంతట తాను మారడం. మనం తినేది, చేసేది పరీక్షనే పక్కదారి పట్టించడం ఇంకో రకం. నాకు ఎక్కువగా తగిలేది ఇదే.

ఒక కుర్రాడు, ఐటీ ఉద్యోగం, ఆరోగ్యంగా ఉన్నాడు. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ 1.42 వచ్చింది, ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ. రిపోర్టులో ఆ అంకె లావు అక్షరాల్లో పడింది. వాళ్లమ్మగారు రిపోర్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "డాక్టర్ గారూ, మావాడి కిడ్నీలు పాడయ్యాయా?" కళ్లలో నీళ్లు. "అమ్మా, కంగారు పడకండి, మీవాడు జిమ్‌కి వెళ్తాడా?" అనడిగాను. వెళ్తాడు. కండ కోసం క్రియాటిన్ పొడి వేసుకుంటాడు. ఒంట్లోని క్రియాటిన్‌లో కొంత భాగం రోజూ దానంతటదే క్రియాటినిన్‌గా మారిపోతుంది. పొడి వేసుకుంటే సరుకు పెరుగుతుంది కాబట్టి అదీ కొంచెం పెరగొచ్చు. దానికి తోడు పరీక్ష సోమవారం పొద్దున, ఆదివారం రాత్రి మటన్ బిర్యానీ. ఉడికిన మాంసంలో క్రియాటినిన్ తయారుగా ఉంటుంది. కిడ్నీల సంగతి చెప్పేదే అయినా క్రియాటిన్‌తో సంబంధం లేని సిస్టాటిన్ సి, మూత్రంలో ఆల్బుమిన్ చూశాం. రెండూ బాగున్నాయి. అలాగని క్రియాటిన్ వేసుకునే ప్రతివాళ్లూ ఇదే అనుకుని ఊరుకోకూడదు, ఈ రెండు పరీక్షలూ చేయించుకుని మరీ నిమ్మళించాలి.

క్రియాటిన్ అంటే గుర్తొచ్చింది. కండరంలో అది ఫాస్ఫేటుతో జతకట్టి ఉంటుందని, అదే ఫాస్ఫోక్రియాటిన్ అని, అమెరికా శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో లోకానికి చెప్పింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఎలా కనిపెట్టారో జిమ్ కోచ్‌లు చెప్పరు. ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో తయారుచేశారు. బయోకెమిస్ట్రీ పిల్లలు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ చదువుకుంటారు. కండరం నుంచి తీసిన ద్రవంతో ఆ పరీక్ష చేస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆలస్యంగా, మెల్లగా వచ్చింది. ఇంకొకరైతే రసాయనం పాతబడిందేమో అని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకని తవ్వుకుంటూ పోయారు. కండరంలో నిలకడ లేని ఫాస్ఫేటు పదార్థం ఒకటి ఉందని, పరీక్ష జరుగుతుండగానే అది విడిపోతోందని తేలింది. కొలత తేడాగా ఉంటే ముందు కొలతనే ప్రశ్నించడం అంటే ఇదీ.

మళ్లీ మన రిపోర్టులకొద్దాం. అలవాటు లేకుండా గట్టిగా బరువులెత్తితే లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వారం దాకా ఎక్కువగా ఉండొచ్చు. అవి కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. జిమ్‌లో లెగ్ డే, అంటే కాళ్ల కసరత్తు రోజు, అయిన మర్నాడు రక్తమిచ్చి, లివర్ దెబ్బతిందని భయపడి, డీటాక్స్ పొడి కొనుక్కుని, పది రోజులు జిమ్ మానేసి, మళ్లీ పరీక్ష చేయించుకుని, పొడి భలే పనిచేసిందనేవాళ్లు ఉన్నారు. ఆ పొడి అమ్మేవాళ్లకు ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది?

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది బయోటిన్. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రలు. రోజుకు మనకు కావలసింది 30 మైక్రోగ్రాములకు కాస్త అటూ ఇటూ. మాత్రలో ఉండేది 5 మిల్లీగ్రాములో 10 మిల్లీగ్రాములో. అంటే వందల రెట్లు. హార్మోన్ పరీక్షలు చేసే మిషన్లలో చాలావాటికి బయోటిన్ ఒక జిగురులాగా పనికొస్తుంది. రక్తంలోనే అది నిండా ఉంటే మిషన్ మోసపోతుంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి, లేని థైరాయిడ్ జబ్బును అంటగడుతుంది. ఇది ఒక ఎత్తు. గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ కూడా కొన్ని మిషన్లలో తక్కువగా కనబడొచ్చు. అమెరికాలో మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది, ఒక మరణం గురించీ అందులో చెప్పింది. మామూలు పరీక్షలకైతే డాక్టర్‌ని అడిగి రెండు మూడు రోజుల ముందే ఆపండి. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే మాత్రం బయోటిన్ వేసుకుంటున్నానని ముందే చెప్పండి.

చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ గురించి ఒక్క మాట. అది కొలిచేది చర్మం కింది ద్రవాన్ని, కాబట్టి రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆ చెయ్యి మీద పడుకుంటే రాత్రి షుగర్ పడిపోయినట్టు తప్పుడు అలారం కొడుతుంది. ఇక బయోలాజికల్ ఏజ్ పరీక్షలు, అంటే పుట్టిన తేదీతో కాకుండా ఒంటి స్థితిని బట్టి వయసు చెప్పేవి. స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 2013లో డీఎన్‌ఏ మీద 353 చోట్ల గుర్తులు చూసి వయసు అంచనా కట్టే పద్ధతి ఇచ్చాడు. పరిశోధనకు అది గొప్ప పనిముట్టు. ఒకే మనిషికి వేర్వేరు పద్ధతులు వేర్వేరు వయసులు చెబుతున్న ఈ రోజుల్లో దానికి వేలు పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

సొంత ఒంటి మీద ప్రయోగం తప్పని నేననను. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో బ్యాక్టీరియా కలిపిన ద్రవం గటగటా తాగేశాడు. అది కడుపులో వాపు తెస్తుందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న. తాగకముందే ఎండోస్కోపీ చేయించుకుని కడుపు బాగుందని రూఢి చేసుకున్నాడు. తర్వాత మళ్లీ చేయిస్తే వాపు కనిపించింది. 2005లో నోబెల్ వచ్చింది. ఇటు అమెరికాలో వయసు వెనక్కి తిప్పాలని తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకునే కోటీశ్వరుడు బ్రయాన్ జాన్సన్‌ను చూడండి. డబ్బుకు కొదవ లేదు, పరీక్షలకు అంతే లేదు. ఎలుకల ఆయుష్షు పెంచిందని 2009లో తేలిన రాపమైసిన్ అనే మందును ఏళ్ల తరబడి వేసుకుని, 2024లో ఆపేశాడు. ఇన్‌ఫెక్షన్లు, షుగర్ పెరగడం, కొవ్వుల్లో తేడాలు వచ్చాయని ఆయనే చెప్పాడు. దాంతో పాటే ఇంకా చాలా వేసుకునే మనిషికి ఏది ఏం చేసిందో ఎవరు విడదీసి చెప్పగలరు?

కాబట్టి చెయ్యదలిస్తే మార్షల్ లాగా చెయ్యండి. అంటే ఏవో తాగమని కాదు! ముందు ఏమీ మార్చకుండా రెండుసార్లు పరీక్ష చేయించుకోండి, మీ అంకె ఊరికే ఎంత ఊగుతుందో తెలుస్తుంది. ఒకే ల్యాబ్, ఒకే వేళ, ముందు రాత్రి ఒకే రకం భోజనం. పార్కులో పరిగెత్తి చెమటతో వచ్చి చెయ్యి చాచకండి, పావుగంట కూర్చోండి. తర్వాత ఒక్కటే మార్చండి. ఎంత మారితే నమ్ముతారో, ఏం జరిగితే ఆపేస్తారో ముందే కాగితం మీద రాసుకోండి.

ఇద్దరికి మాత్రం ఈ సలహా కూడా వర్తించదు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ పదహారు గంటల ఉపవాసం పెట్టుకునేవాళ్లు ఒకరు, షుగర్ పడిపోయి బాత్రూంలో కూలబడతారు. వారానికొకటి అని రాసిన 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్‌ను రోజూ తాగేవాళ్లు ఇంకొకరు. కాల్షియం పెరిగి వాంతులు మొదలయ్యేసరికి కిడ్నీల మీద భారం పడే ఉంటుంది. మీరు డాక్టర్‌ని అడగకుండా ఏమీ మొదలుపెట్టకండి, మానకండి.

పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు "ఏమైనా మందులు వాడుతున్నారా సార్?" అనడిగితే చాలామంది లేదనేస్తారు. ప్రొటీన్ పొడి, జుట్టు మాత్ర, అశ్వగంధ మందుల లెక్కలోకి రావని వాళ్ల ఉద్దేశం. ఆ డబ్బాలన్నిటికీ వెనకవైపు ఫోటో తీసి ఆ కుర్రాడికి పంపించండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, ఇడ్లీలు రావడానికి ఇంకా పది నిమిషాలుందట.